కాడ కుంకుమ తెగులును తట్టుకొనే డ్యూరం గోధుమలు

(రబీ రైతు సదస్సులో చేసిన ప్రసంగ పాఠము)



సదస్సు మొదలు కాకముందు టీ త్రాగుతున్న సమయములో ఒక పెద్దాయన నన్ను ప్రక్కకు పిలిచి ఒక ప్రశ్న అడిగినారు. "మీవంటివారే వచ్చి, ఈ గోధుమకు కుంకుమ తెగులు రాదు, ధైర్యముగా వేసుకొమ్మని విత్తనము ఇచ్చినారు. ఇప్పుడు మీరు వచ్చి, అది పాతబడింది, కొత్తది వేయమంటున్నారు. నా చేనులో తెగులు నాకెన్నడూ కనబడలేదు. మరి అప్పటి మాట అబద్ధమా, ఇప్పటి మాట అబద్ధమా?" అన్నారు.

నేను వ్రాసికొని వచ్చిన ప్రసంగము వేరు. ఈ ప్రశ్న విన్న తరువాత ఆ కాగితములు సంచిలోనే ఉంచినాను. రెండు మాటలూ నిజమే. అది ఎట్లాగో తెలియాలంటే, తెగులును తట్టుకొనే గుణము పైరులోనికి ఎక్కడనుంచి, ఏ విధముగా వచ్చినదో ముందు తెలిసికొనవలెను. కొంచెము పాత కథ చెప్పవలసి ఉన్నది, ఓపిక పట్టండి.

మొదట ఏ గోధుమను గురించి మాట్లాడుతున్నామో చెప్పుకొందాము. చపాతీలకు, బ్రెడ్డుకు వాడే గోధుమ ఒకటి. గింజ గట్టిగా, తేనెరంగుతో మెరుస్తూ, కొరికితే పంటికి తెలిసే గోధుమ మరొకటి. ఈ రెండవదే డ్యూరం. అంగడిలో బన్సీ రవ్వ అని మనము అడిగి తెచ్చుకొనేది ఈ జాతి గోధుమ రవ్వయే. మధ్యప్రదేశ్‌లో దీనిని కఠియా అంటారు. ఇటలీవారి మాకరోనీలు దీనితోనే చేస్తారు. దీనికి దగ్గర చుట్టము ఇంకొకటి ఉన్నది. అది ఖప్లీ గోధుమ. నూర్చినను వడ్లవలె పొట్టు విడువదు. దంచితేగాని గింజ బయటపడదు. మహారాష్ట్రలోను, కర్ణాటకలోను, గుజరాతులోను కొందరు రైతులు తరతరాలుగా దీనిని కాపాడుకొని వస్తున్నారు. ఈ ఖప్లీని గుర్తు పెట్టుకొండి. కథలో ఇది మళ్ళీ వచ్చును.

మన తెలుగు జిల్లాలలో గోధుమ సాగు స్వల్పమే. ఆదిలాబాదు వైపు నల్లరేగడి భూములలో రబీలో కొంత వేస్తారు. వరి పండించేవారు సైతము ఈ మాటలు వినవచ్చును, ఏలననగా అగ్గితెగులుకు వరిలో జరిగేదీ ఇటువంటి కథే.

గోధుమకు వచ్చే కుంకుమ తెగుళ్ళు మూడు. పసుపు కుంకుమ చలిప్రదేశముల జబ్బు. మన వేడికి అది నిలువదు. ఆకు కుంకుమ ఆకులమీద చిన్న చిన్న నారింజరంగు పొక్కులుగా వచ్చును. దిగుబడి తగ్గించును గాని సాధారణముగా చేనును పూర్తిగా ముంచదు. మూడవది కాడ కుంకుమ. దీనినే నల్ల కుంకుమ అనికూడ అంటారు. ఇది వెచ్చదనమును కోరును. పగలు ఎండ కాసి, రాత్రి ఆరేడు గంటలు ఆకుమీద మంచు ఆరకుండ ఉంటే దీనికి పండుగే. కాడమీద, ఆకు తొడుగుమీద, చివరకు వెన్నుమీద సైతము పొడవాటి ఇటుకరంగు పొక్కులు లేచును. పొక్కు పగిలినచోట పైపొర చిరిగి, అంచులు లేచి నిలుచును. వ్రేలితో రాస్తే గరుకుగా తగిలి, కుంకుమ అంటినట్లు పొడి అంటును. ఆకు కుంకుమలో పొర ఇంతగా చిరగదు. రెండింటినీ వేరుగా గుర్తుపట్టుటకు ఇదే మంచి ఆనవాలు. పైరు ముదిరేకొద్దీ ఆ పొక్కులే నల్లబడును.

ఆ పొడిలోని ప్రతి రేణువూ తెగులుకు విత్తనము వంటిది. దానిని సిద్ధబీజము అంటాము. గాలికి ఎగిరి మరొక మొక్కపై వాలి, తడి దొరికినచో మొలచి లోనికి పోవును. పది పన్నెండు రోజులలో అక్కడొక కొత్త పొక్కు, దానిలో వేలకొలది సిద్ధబీజములు. గింజ పాలు పోసికొనే వేళకు ఇది ముదిరినచో, చిరిగిన పొరలగుండా కాడలోని నీరు ఆవిరియై పోవును. గింజకు చేరవలసిన ఆహారము తెగులు పాలగును. మూడు వారముల క్రిందట నిండుగా ఊగిన చేను కాడలు విరిగి పడిపోవును. నూరిస్తే ముడుతలుపడిన నొక్కులే మిగులును.

ఇది ఎక్కడనుంచి వచ్చును? మండువేసవిలో మైదానములలో గోధుమా ఉండదు, ఈ తెగులూ బ్రతుకదు. ఆగ్రా కళాశాలలో పనిచేసిన కరమ్‌చంద్‌ మెహతా అనే శాస్త్రజ్ఞుడు ఏండ్ల తరబడి కొండలు ఎక్కి దిగి ఈ చిక్కు విప్పినారు. వారు 1940లో ప్రచురించిన గ్రంథములో చెప్పినదేమనగా, నీలగిరి, పళని కొండలవంటి చల్లని చోట్ల తెగులు ఏడాది పొడుగునా గోధుమ మొక్కలపై బ్రతికి, అక్కడనుంచి ప్రతి ఏడు మైదానములకు దిగివచ్చునని. 1970 దశకములో నాగరాజన్‌ మొదలగువారు దీనికి ఇంకొక ముక్క కలిపినారు. నవంబరులో బంగాళాఖాతములోగాని అరేబియా సముద్రములోగాని వాయుగుండము లేచి లోపలికి సాగి మధ్యభారతములో బలహీనపడితే, ఆ గాలులు నీలగిరి సిద్ధబీజములను మోసికొనిపోయి అక్కడి వానతో చేలపై దింపునని తేల్చినారు. కోస్తా వరి రైతు ఏ తుఫానుకు భయపడునో, నర్మదా తీరపు గోధుమ రైతు అదే తుఫానుకు మరొక విధముగా భయపడవలెనన్నమాట. 1946–47లో మధ్యభారతములో ఈ తెగులు విజృంభించి పంటను తీసినది.

ఇక తట్టుకొనే గుణము సంగతి. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రములో స్టాక్‌మన్‌ అనే శాస్త్రజ్ఞుడు, ఆయనతో పనిచేసినవారు 1916 తరువాత ఒక విషయము కనుగొన్నారు. కంటికి ఒకేవిధముగా కనబడే ఈ తెగులులో ఎన్నో తెగలు ఉన్నవి. ఒక తెగ ఒక గోధుమను తినును, రెండవ గోధుమను ముట్టలేదు. ఇంకొక తెగకు ఆ రెండవదే ఇష్టము. ఏ చేనులో ఏ తెగ ఉన్నదో తెలియుటకు వారు 1922లో పన్నెండు గోధుమలను ఎంచి ఒక వరుస ఏర్పరచినారు. ఆ పన్నెండింటినీ కుండీలలో మొలకెత్తించి, తెగులు పొడి చల్లి, దేనిమీద పొక్కు లేచినది, దేనిమీద లేవలేదు అని చూచి తెగకు సంఖ్య ఇచ్చేవారు. ఆ పన్నెండింటిలో డ్యూరములు ఐదు. పొట్టు విడువని గోధుమలలో వెర్నల్‌ అనేది ఒకటి, మన దేశమునుంచి పోయిన ఖప్లీ ఒకటి.

ఇప్పుడు మిమ్ములను ఉత్తర డకోటాకు తీసుకొనిపోతాను. అమెరికాలో డ్యూరం పండేది ప్రధానముగా అక్కడనే. చలికాలములో నేల గడ్డకట్టే దేశము అది. మంచు కరిగిన తరువాత విత్తి, వేసవి చివర కోస్తారు. డ్యూరం వారికి సొంత పంట కాదు. మార్క్‌ కార్ల్‌టన్‌ అనే వ్యవసాయశాఖ ఉద్యోగి 1898–1900 ప్రాంతములలో రష్యాకు పోయి కుబంకా వంటి రకములు తెచ్చినాడు. ఈ రాతిగింజను మర ఆడించము పొమ్మని మొదట మిల్లులవారు మొండికేసినారు. తరువాత రుచి తెలిసింది. మిండమ్‌ అనే రకము రైతులకు బాగా నచ్చినది, రవ్వ నాణ్యత మంచిది, కాని కాడ కుంకుమ కొన్ని తెగలకు అది లొంగిపోయేది.

అక్కడి శాస్త్రజ్ఞులు మిండమ్‌ను వెర్నల్‌తో సంకరపరచి, వచ్చినదానిని మళ్ళీ మిండమ్‌తో కలిపి, 1943లో రెండు వంగడములు విడుదల చేసినారు. ఒకదానికి ఆ కార్ల్‌టన్‌ పేరే పెట్టినారు, రెండవది స్టివార్ట్‌. తెగులు రాలేదు. రైతులు పండించుకొన్నారు, విత్తనము ఒకరినుంచి ఒకరికి పాకినది. అప్పుడు శాస్త్రజ్ఞులు ఈ గోధుమకు తెగులు రాదని చెప్పియుంటే, అది ఆనాటికి నిజమే.

1939లోనే అయోవా రాష్ట్రములో బార్బెరీ పొదల ప్రక్కన ఒక కొత్త తెగ కొంచెముగా దొరికినది. బార్బెరీ అంటే మన వైద్యులు వాడే దారుహరిద్రకు దాయాది. ఆ చల్లని దేశములలో కాడ కుంకుమ తన జీవితములో కొంతభాగము ఆ పొదమీద గడుపును. అక్కడ రెండు తెగలు కలిసి మూడవ తెగ పుట్టును. అందువలననే వారు 1918 నుంచి ఊరూరా ఆ పొదలను పెరికించినారు. అయినను కొన్ని మిగిలినవి. ఆ కొత్త తెగకు 15బి అని పేరు. పదేండ్లకు పైగా అది మూలన పడియున్నది. ఎవరికీ దానివలన హాని కనబడలేదు. 1950లో ఒక్కసారిగా దేశమంతా కనబడినది. 1953లో అక్కడి డ్యూరం పంటలో నూటికి 65 వంతులు, 1954లో నూటికి 75 వంతులు ఈ తెగులువలన పోయినవని అంచనా. నాలుగు బస్తాల పంటలో ఒక్క బస్తా ఇంటికి వచ్చినదన్నమాట. కోత ఖర్చు రాదని చేలు వదిలివేసినవారున్నారు. మరుసటి ఏడు డ్యూరం ఎవరు వేస్తారు?

అన్ని చేలకూ ఇంచుమించు ఒకే రక్షణ ఉండెను. దానిని దాటగల తెగ పుట్టిన తరువాత అది ఆగవలసిన చేను లేకపోయినది.

అప్పుడు 15బి ముందు నిలిచిన కొద్ది గోధుమలలో ఒకటి మన ఖప్లీ. చూచుటకు అది ఏమంత గొప్ప పైరు కాదు. గాలికి పడిపోవును, నూర్పిడికి చిక్కు, దిగుబడి తక్కువ. మనవారు దానిని ఉంచుకొన్నది రవ్వకు, పాయసమునకు బాగుంటుందని. దానిలో ఏమి దాగియున్నదో వారికి తెలియదు. కాని వారు ఉంచుకొనకపోతే ఆ శాస్త్రజ్ఞులకు అది దొరికేది కాదు. ఖప్లీని డ్యూరములతో పలుమార్లు కలిపి తీసిన వంగడము ఒకటి 1956లో విడుదలైనది. ప్రయోగక్షేత్రమున్న ఊరి పేరు మీదుగా దానికి లాంగ్డన్‌ అని పేరు పెట్టినారు. అదే ఏడు రామ్‌సే, టౌనర్‌, యూమా అనే మరి మూడు వంగడములు కూడ వచ్చినవి. డ్యూరం సాగు తిరిగి నిలబడినది. 1954 తరువాత ఆ దేశపు డ్యూరం అటువంటి దెబ్బ మళ్ళీ తినలేదు.

ఖప్లీ గుణమును డ్యూరములోనికి ఎట్లా తెస్తారని మీరు అడుగవచ్చును. చెబుతాను, ఇది దగ్గరనుంచి చూడదగిన పని.

గోధుమ తన పువ్వులో తానే ఫలదీకరణము చెందే పంట. ఒక పువ్వు పుప్పొడి ఆ పువ్వులోనే పడును. అందువలన మనము ముందుగానే పువ్వును తెరిచి, పుప్పొడి రాలకముందే అందులోని మూడు కేసరములను చిమటాతో తీసివేయవలెను. తల్లిగా ఎంచిన మొక్క వెన్నులో నడిమి పువ్వులను గిల్లివేసి ప్రక్కల రెండేసి పువ్వులు మాత్రము ఉంచి, మీసములు కత్తిరించి, ఒక్కొక్క పువ్వునూ తెరచి మూడేసి కేసరములు తీయవలెను. ఒక్కటి మిగిలినా పని చెడును. తరువాత వెన్నుకు పలుచని కాగితపు సంచి తొడిగి, రెండు మూడు రోజుల తరువాత ఖప్లీ పుప్పొడి తెచ్చి చల్లి, మళ్ళీ సంచి తొడిగి, చీటీ కట్టవలెను. చేయి తిరిగినవారు ఉదయమునుంచి కూర్చొంటే కొన్ని వెన్నులు చేయగలరు. ఒక్కొక్క వెన్నుకు దొరికేది ఏ ఇరువదో ముప్పదో గింజలు.

డ్యూరముకు, ఖప్లీకి ఒక సౌకర్యమున్నది. రెండింటికీ కణములో 28 క్రోమోజోములే. అందుచేత వీటి సంతానము చక్కగా గింజ కట్టును. చపాతీ గోధుమకు 42. దానికీ డ్యూరముకూ కలిపితే పుట్టిన మొక్కలలో చాలావరకు గొడ్డుపోవును. అయినను ఆ కష్టమునకు ఓర్చినవాడు ఒకడున్నాడు. మెక్‌ఫాడెన్‌ అనే ఆయన 1916లో దక్షిణ డకోటాలో పొట్టు గోధుమను చపాతీ గోధుమతో కలిపి, హోప్‌ అనే వంగడమును తీసినాడు. ఆ కథకు మళ్ళీ వస్తాను.

మొదటి తరములో అన్ని మొక్కలూ ఒకేవిధముగా ఉండును. రెండవ తరములో విడిపోవును; ఒకటి తాత పోలిక, ఒకటి అమ్మమ్మ పోలిక. తెగులును తట్టుకొనే గుణముతోబాటు ఖప్లీ చెడ్డగుణములు కూడ వచ్చును. అందువలన తట్టుకొన్న మొక్కలను ఏరి తిరిగి మంచి డ్యూరముతో కలుపుతారు. రూపాయికి పదహారణాల పాత లెక్కతో చెబుతాను. మొదటి సంకరములో ఖప్లీ పాలు ఎనిమిది అణాలు. మళ్ళీ డ్యూరముతో కలిపితే నాలుగు అణాలు, మళ్ళీ కలిపితే రెండు, ఇంకొకసారి కలిపితే ఒక అణా. ఆ ఒక్క అణాలో మనకు కావలసిన జన్యువు ఉండితీరవలెను. అది జారిపోతే ఇన్నేండ్ల శ్రమా వృథా. కనుక ప్రతి తరములోను తెగులు పెట్టి పరీక్షించవలెను.

ఈ పరీక్ష చూచి ఒకసారి ఒక రైతు నన్ను మందలించినాడు. మేము మడి చుట్టూ, మధ్య మధ్య వరుసలలోను తెగులుకు సులభముగా లొంగే గోధుమను కావాలని వేసి, దానికి తెగులు పొడి నీటిలో కలిపి సాయంత్రము పిచికారీ చేస్తాము. అక్కడ తెగులు పెరిగి నడిమి వరుసల మీదికి ఎగబడును. "పంటను కాపాడుమని జీతమిస్తే రోగమును పెంచుతున్నారా?" అన్నాడు ఆయన. రోగము లేనిచోట ఏ మొక్క గట్టిదో ఎట్లా తెలుస్తుంది? లొంగే మొక్క కాడ ఇటుకపొడి పూసినట్లుండును. తట్టుకొనే మొక్కపై పొక్కు లేవదు. లేచినా గుండుసూది తలంత ఉండి, చుట్టూ పాలిపోయిన మచ్చ కట్టును. తెగులు దిగినచోట మొక్క తన కణములను తానే చంపుకొని, దానికి తిండి లేకుండ చేయును. మన ఊరిలో గడ్డివాముకు నిప్పంటుకొంటే ప్రక్క వాము లాగివేసి మంట ఆపుతాము గదా, అటువంటిదే.

ఇప్పుడు పెద్దాయన ప్రశ్నకు వస్తాను.

ఉత్తర డకోటాలోనే ఫ్లోర్‌ అనే శాస్త్రజ్ఞుడు 1940 దశకములో అవిసె పైరు కుంకుమ తెగులుపై పనిచేసి ఒక సూత్రము కనుగొన్నాడు. పైరులో తట్టుకొనే జన్యువు ఒక్కొక్కదానికి ఎదురుగా తెగులులో ఒక్కొక్క జన్యువు ఉండును. పైరు జన్యువు తాళము వంటిది. తెగులులో ఆ జన్యువు మారినప్పుడు తాళమునకు చెవి దొరికినట్లే. పైరు ఏమీ మారదు, తాళమూ చెడదు. దొంగ చేతికి తాళపుచెవి వచ్చినది, అంతే. కాడ కుంకుమకు ఎదురునిలిచే ఇటువంటి తాళములు అరువదికి పైగా గుర్తించి, ఎస్‌.ఆర్‌. అని పేరుపెట్టి వరుస సంఖ్యలు ఇచ్చినారు. వెర్నల్‌నుంచి వచ్చినది ఎస్‌.ఆర్‌. 9ఇ. ఖప్లీనుంచి వచ్చినవాటిలో ముఖ్యమైనది ఎస్‌.ఆర్‌. 13. ఇది ఒక పాత ఇథియోపియా డ్యూరములో కూడ ఉన్నది. చలిలోకంటె వెచ్చని వాతావరణములో ఇది గట్టిగా పనిచేయును, మనవంటి ప్రాంతములకు అది మేలు.

1998లో ఉగాండాలో ఒక కొత్త తెగ బయటపడినది. దానికి యు.జి. 99 అని పేరు. ప్రపంచములో ఎన్నో చపాతీ గోధుమలను కాపాడుతున్న ఎస్‌.ఆర్‌. 31 అనే తాళమును అది తెరచినది. కెన్యా, ఇథియోపియా, యెమెన్‌ దాటి 2007లో ఇరానులో కూడ కనబడినది. మన దేశములో అది ఇంతవరకు కనబడలేదు. ఈ యు.జి. 99 ముందు ఎస్‌.ఆర్‌. 13 నిలిచినది. 2017లో కాలిఫోర్నియా శాస్త్రజ్ఞులు ఆ జన్యువును విడదీసి, అది ఏమిటో తేటతెల్లము చేసినారు.

అయితే సంతోషించి ఊరకుందామా? ఇథియోపియాలో డెబ్రె జైట్‌ అనేచోట డ్యూరములను పరీక్షించే క్షేత్రమున్నది. యు.జి. 99ను తట్టుకొన్న డ్యూరములు కొన్ని అక్కడ పడిపోయినవి. ఏమా అని చూస్తే, అక్కడ వేరొక తెగ ఉన్నది. 9ఇ, 13 రెండింటి చెవులూ దాని గుత్తిలో ఉన్నవని 2012లో ప్రచురించినారు. 2016లో ఇటలీలోని సిసిలీ ద్వీపములో ఇంకొక కొత్త తెగ వేల హెక్టారుల డ్యూరమును, చపాతీ గోధుమను పట్టినది. ఐరోపాలో అటువంటిది చూచి ఎన్నో ఏండ్లయినది.

కనుక నేడు సంకరణము చేసేవారు ఒక్క తాళముతో వంగడము విడుదల చేయుటకు ఇష్టపడరు. లెక్క చూడండి. పది లక్షల సిద్ధబీజములలో ఒకటి ఒక తాళమునకు చెవి సంపాదించుననుకొందాము. తెగులు పట్టిన చేనులో కోట్లకొలది సిద్ధబీజములు ఉండును, కనుక ఒక్క తాళము త్వరలోనే పోవును. ఒకే మొక్కకు రెండు తాళములుంటే రెండు చెవులూ ఒకే సిద్ధబీజములో ఒకేసారి పుట్టవలెను. అది పది లక్షలను పది లక్షలతో హెచ్చవేసినట్లు, లక్ష కోట్లలో ఒకటి. మూడు తాళములైతే చెప్పనవసరము లేదు. అయితే రెండవ తరములో రెండు జన్యువులూ స్థిరముగా గల మొక్క పదహారింటిలో ఒకటి, మూడూ గలది అరువదినాలుగింటిలో ఒకటి. తెగులు పెట్టి చూస్తే ఒక తాళమున్న మొక్కా, మూడున్న మొక్కా ఒకేవిధముగా శుభ్రముగా కనబడును. పూర్వము ఇదే పెద్ద చిక్కు. ఇప్పుడు చిన్న ఆకుముక్క తీసి ప్రయోగశాలలో చూచి, ఏ జన్యువులు ఉన్నవో మొలకదశలోనే చెప్పుచున్నారు.

ఈ లెక్కలోనే పెద్దాయన ప్రశ్నకు జవాబున్నది. ఒక్క తాళమున్న పాత వంగడము, రెండు తాళములున్న కొత్త వంగడము ప్రక్కప్రక్కన పెరుగుతున్నవనుకొండి. తెగులు మొదట పాతదానిపై ఒక చెవి సంపాదించును, అక్కడ కడుపునిండ తిని కోట్లుగా పెరుగును. ఆ తరువాత దానికి కావలసినది రెండవ చెవి ఒక్కటే. లక్ష కోట్ల లెక్క తిరిగి పది లక్షల లెక్కకు దిగిపోవును. పాత వంగడము తెగులుకు మెట్టువలె ఉపయోగపడును. మీ చేనులో తెగులు కనబడకపోవచ్చును. అయోవాలో 15బి పదేండ్లు కనబడీ కనబడనట్లే ఉన్నది. అందుకే, వేరొక జిల్లాలో ఆ తాళము తెరిచే తెగ దొరికినదని తెలియగానే, తెగులు రాకముందే విత్తనము మార్చుకొమ్మని చెబుతాము. వచ్చిన తరువాత చెప్పుటకు మేమెందుకు?

తాళము కాని రక్షణ ఒకటి ఉన్నది. మెక్‌ఫాడెన్‌ హోప్‌ గోధుమలోనికి పొట్టు గోధుమనుంచి వచ్చిన ఎస్‌.ఆర్‌. 2 అనే జన్యువు తెగులును పూర్తిగా ఆపదు, నెమ్మదిపరచును. పొక్కులు తక్కువ, చిన్నవి, ఆలస్యముగా వచ్చును. పంట ఇంటికి చేరేలోగా తెగులు ముదరదు. నూరేండ్లు కావస్తున్నది, దానిని పూర్తిగా దాటిన తెగ లేదు. ఇది ఉన్న గోధుమలలో కొన్నిసార్లు వెన్ను పొట్టుమీద, కణుపుల క్రింద నల్లచారలు వచ్చును. తెగులేమోనని రైతులు కంగారుపడతారు. మా క్షేత్రములో కూడ కొత్తగా వచ్చిన కుర్రవాడొకడు అటువంటి మొక్కలను జబ్బువని పెరికివేసినాడు. డ్యూరములలో ఇటువంటి నెమ్మది రక్షణను తాళములతోబాటు కలుపుటకు ప్రయత్నములు జరుగుచున్నవి.

మన దేశములో ఈ పని ఇండోరులోని గోధుమ పరిశోధన కేంద్రములో, పుణెలోను, ధార్వాడలోను జరుగుచున్నది. నీలగిరిలోని వెల్లింగ్టన్‌లో తెగులు ఏడాది పొడుగునా ఉండును గనుక అక్కడ పరీక్షిస్తారు. సిమ్లాలోని ఫ్లవర్‌డేల్‌లో, మెహతాగారు మొదలుపెట్టిన ప్రయోగశాలలో, ఏ ఏడు ఏ తెగలు ఉన్నవో చూస్తారు. మన వంగడములను కెన్యాలోని న్జోరోకు పంపి, ఇక్కడికి ఇంకా రాని యు.జి. 99 తెగల ఎదుట కూడ నిలబెట్టి చూచుచున్నారు. దక్షిణాది మండలమునకు నీటివసతితో వేయుటకు విడుదలైన డ్యూరములలో ఎం.ఎ.సి.ఎస్‌. 3949, డి.డి.డబ్ల్యు. 48 ఉన్నవి. ఖప్లీలో కూడ ధార్వాడవారు డి.డి.కె. 1029 వంటి పొట్టి రకములు తీసినారు. మీ నేలకు, మీ నీటికి ఏది తగునో మీ వ్యవసాయాధికారితో మాట్లాడి నిర్ణయించుకొనవలెను.

మీరు చేయదగిన పనులు కొన్ని ఉన్నవి. గోధుమ స్వపరాగ సంపర్కము గల పంట గనుక మంచి వంగడము విత్తనము మూడు నాలుగేండ్లు మీరే ఉంచుకొనవచ్చును, కల్తీ కాకుండ చూచుకొంటే చాలును. నవంబరు మొదటి పక్షములో విత్తండి. ఆలస్యముగా వేసిన చేనుకు గింజ కట్టే వేళ వెచ్చదనము వచ్చును, అప్పుడే కాడ కుంకుమకు అనుకూలము. ఊరంతా ఒకే వంగడము వేయకండి. తెగులు తొలి పొక్కులు నిజముగా కనబడితే ఎకరాకు 200 మి.లీ. ప్రొపికొనజోల్‌ 25 శాతము మందును 200 లీటర్ల నీటిలో కలిపి పిచికారీ చేయవచ్చును. మీ ఇంటిలోగాని బంధువుల ఊరిలోగాని పాత ఖప్లీ, పాత బన్సీ విత్తనము ఎవరివద్దనైనా ఉంటే, అది పనికిరానిదని పారవేయనీయకండి. పరిశోధన కేంద్రమునకు ఒక దోసెడు గింజలు చేర్చండి.

ఇంకొక్క మాట. తట్టుకొనుననుకొన్న వంగడముపై ఇటుకరంగు పొక్కు ఒక్కటి కనబడినా మందు కొట్టక ముందే నాలుగు కాడలు కోయండి. ప్లాస్టిక్‌ సంచిలో పెట్టకండి, చెమ్మపట్టి బూజు వచ్చును. నీడను ఒక పూట ఆరబెట్టి, కాగితపు కవరులో మడిచి, పైన ఊరి పేరు, వంగడము పేరు, విత్తిన తేదీ, కోసిన తేదీ వ్రాసి మీ వ్యవసాయాధికారికి ఇవ్వండి. ఆయన తీసికొనకపోతే నాకు ఇవ్వండి. సిమ్లాకు పంపించే పూచీ నాది.